అందని సమన్లు, తెలియని డిక్రీ

తన మీద దావా పడిందని తెలియకుండానే ఒక మనిషి కోర్టులో ఓడిపోవచ్చు. వినడానికి వింతగా ఉన్నా జరిగే పనే ఇది. సమన్లు పోస్టులో వస్తాయి. అవి చేతికి అందవు. వాయిదా రోజున కోర్టులో పేరు పిలుస్తారు. పలికేవాళ్ళుండరు. అప్పుడు జడ్జి ప్రతివాది లేకుండానే విచారణ సాగించి తీర్పు ఇస్తారు. పుస్తకాల్లో దీని పేరు ఏకపక్ష డిక్రీ. కోర్టు వరండాలో ఎవర్ని అడిగినా ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. ఈ ప్రసంగంలోనూ ఆ మాటే వినిపిస్తుంది.

ఆ డిక్రీని రద్దు చేయించుకునే దారి చట్టంలోనే ఉంది. ఆ దారికి గడువు 30 రోజులు. ఆ 30 రోజులను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నదే అసలు సంగతి. సమన్లు సరిగ్గా అందిన మనిషికి లెక్క డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది. అందని మనిషికి, డిక్రీ ఉందని తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. శ్రోతలు ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. తెలిసిన రోజు. మిగతా ప్రసంగమంతా ఆ రోజు చుట్టూనే తిరుగుతుంది.

చార్మినార్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో పురానీ హవేలీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దుస్తుల బీరువా చూడటానికి యాత్రికులు అక్కడి మ్యూజియానికి వెళతారు. పాతబస్తీవాళ్ళలో చాలామంది మాత్రం చంకలో ఫైలు పెట్టుకుని వెళతారు. సిటీ సివిల్ కోర్టు ఉన్నది అక్కడే. ఇంటి అద్దె, చేబదులు, చిట్టీ బాకీ, అన్నదమ్ముల భాగాలు, దుకాణాల లెక్కలు, అన్నీ అక్కడికే చేరతాయి.

ఆ కోర్టు నడిచే చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్. అది 1908 నాటిది. మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తిన సంవత్సరం అదే. అయితే అప్పట్లో ఆ కోడ్ ఇక్కడ అమల్లో లేదు. నిజాం రాజ్యానికి తన కోర్టులు, తన చట్టాలు ఉండేవి. వ్యవహారం ఉర్దూలో సాగేది. 1951 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ ఉన్న కోడ్ హైదరాబాద్‌కూ వర్తించింది. చట్టం మారినా మాటలు మిగిలాయి. వకీలు, వకాలత్‌నామా, జప్తు, నకలు, అమీనా. ఇవన్నీ నేటికీ తెలుగు కక్షిదారుల నోట్లో ఉన్న మాటలే.

సమన్లు ఎలా ప్రయాణం చేస్తాయో తెలిస్తే, అవి ఎక్కడ తప్పిపోతాయో తెలుస్తుంది.

దావా వేసినవాణ్ణి వాది అంటారు. ఎదుటి మనిషి ప్రతివాది. ప్రతివాది చిరునామాను కోర్టుకు ఇచ్చేది వాదే. కోర్టు దాన్ని తనంతట తాను వెతికి కనుక్కోదు. ఆ చిరునామాకు సమన్లు రెండు దారుల్లో వెళ్ళవచ్చు. ఒకటి, కోర్టు మనిషి చేతిమీదుగా. ఆయన్ని ప్రాసెస్ సర్వర్ అంటారు. రెండోది పోస్టు. రసీదు వెనక్కి వచ్చే రిజిస్టర్డ్ పోస్టు గానీ, స్పీడ్ పోస్టు గానీ. 2002లో అమల్లోకి వచ్చిన సవరణతో కొరియరుకూ, ఈమెయిలుకూ కూడా చోటు దొరికింది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి స్పీడ్ పోస్టు కవరును ఏదో బ్యాంకు ప్రకటన అనుకుని పక్కన పడేసే అలవాటు ఇప్పుడు మరింత ప్రమాదం.

సమన్లు అందాక 30 రోజుల్లో ప్రతివాది తన జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతిస్తే ఆ గడువు 90 రోజుల దాకా సాగుతుంది.

ఇక పాతబస్తీ చిరునామా సంగతి. ఇక్కడి పాత ఇంటి నంబర్లలో అంకెల గుంపులు మూడు ఉంటాయి. ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆ తర్వాత ఇల్లు. ఇల్లు భాగాలైన కొద్దీ చివర ఒక అడ్డగీత, దాని పక్కన ఒక అంకె చేరుతుంది. మరో పంపకం జరిగితే మరో గీత, మరో అక్షరం. చివరి గీత తర్వాతి అంకె రాయడం మరిచిపోతే కవరు అన్న వాటాకు బదులు తమ్ముడి వాటాకు పోతుంది. ఆ అన్నదమ్ములకు మాటల్లేకపోతే కవరు అక్కడే ఆగిపోతుంది. ఒకే గల్లీలో ఒకే పేరున్నవాళ్ళు నలుగురుండటం కూడా ఇక్కడ మామూలే.

ఇలా తప్పిపోయిన కవరును చట్టం ఎలా చూస్తుంది? ఇక్కడ మనుషులు ఎక్కువగా పొరబడతారు. నా సంతకం లేదు కాబట్టి నాకు అందనట్టే అనుకుంటారు. అది నిజం కాదు. పోస్ట్‌మ్యాన్ కవరు మీద తీసుకోనన్నారు అని రాసి వెనక్కి పంపితే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది. సరైన చిరునామాకు, సరిపడా స్టాంపులతో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, 30 రోజుల్లో రసీదు తిరిగి రాకపోయినా, మధ్యలో పోయినా, అందినట్టే ప్రకటించవచ్చు. కవరు తీసుకోకుండా తప్పించుకుంటే కేసు ఆగుతుందని కొందరు నమ్ముతారు. కేసు ఆగదు. వాళ్ళు లేకుండా నడుస్తుంది, అంతే.

ప్రతివాది ఇంట్లో లేకపోతే? ఇప్పట్లో దొరికే సూచన కూడా లేకపోతే, అతనితో కలిసి కాపురముంటున్న కుటుంబంలోని పెద్దవాళ్ళెవరికైనా సమన్లు ఇవ్వవచ్చు. ఆడవాళ్ళకైనా, మగవాళ్ళకైనా ఇవ్వవచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. పనివాళ్ళు కుటుంబసభ్యుల కిందికి రారని కోడ్ విడిగా చెప్పింది. కలిసి కాపురం అన్న మాట గల్ఫ్ కుటుంబాలకు బాగా అవసరం. మనిషి రెండేళ్ళుగా జెడ్డాలో ఉన్నాడు. సమన్లు బార్కస్‌లో ఉన్న అన్న తీసుకున్నాడు. ఆ అన్న అతనితో కలిసి ఉంటున్నట్టా, కాదా? ఈ ప్రశ్న కోర్టు ముందు పెట్టడానికి పాస్‌పోర్టు మీది ముద్రలే సాక్ష్యం.

ఎవరూ దొరకకపోతే ప్రాసెస్ సర్వర్ సమన్ల నకలును ఇంటి తలుపుకు అతికిస్తారు. ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అతికించారో రిపోర్టులో రాయాలి. అదీ కుదరకపోతే కోర్టు అనుమతితో పత్రికలో ప్రకటన వేస్తారు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. లాడ్ బజార్‌లో ఒక గాజుల వ్యాపారి ఉన్నాడనుకుందాం. దుకాణం అక్కడ. ఇల్లు శాలిబండ గల్లీలో, అద్దెకు. ఒక టోకు వ్యాపారి దగ్గర మూడు లక్షల సరుకు అరువు తెచ్చాడు. అందులో కొంత సరుకు పగిలిపోయి వచ్చింది. డబ్బు ఇవ్వాలా వద్దా అని తగాదా పడింది. ఈలోగా గాజుల వ్యాపారి ఇల్లు మారి బండ్లగూడ వెళ్ళిపోయాడు. టోకు వ్యాపారి పురానీ హవేలీలో దావా వేశాడు. బిల్లు పుస్తకంలో ఉన్న శాలిబండ చిరునామానే దావాలో రాశాడు. కవరు వెళ్ళింది. ఇల్లు ఖాళీ చేసి పోయారు అన్న రాతతో వెనక్కి వచ్చింది. ప్రాసెస్ సర్వర్ వెళ్ళి పాత ఇంటి తలుపుకు నకలు అతికించి వచ్చారు. ఆ తర్వాత పత్రికలో చిన్న ప్రకటన. వాయిదా రోజు ఎవరూ రాలేదు. డిక్రీ అయిపోయింది.

ఏడాది గడిచింది. జూన్ 10న మధ్యాహ్నం కోర్టు అమీనా దుకాణం మెట్లెక్కాడు. చేతిలో జప్తు వారంటు. గాజులు సర్దుతున్న కుర్రాడు కంగారుపడి లోపలికి కేకేశాడు.

“సేఠ్, కోర్టు నుంచి ఎవరో వచ్చారు. సామాన్లు రాసుకుంటారంట!”

వ్యాపారికి డిక్రీ సంగతి తెలిసిన రోజు అదే. జూన్ 10. అతని 30 రోజులు జూలై 10తో ముగుస్తాయి. డిక్రీ ఏడాది కిందట రావడం వల్ల అతని దారి మూసుకుపోలేదు. జూన్ 10 తర్వాత మరో రెండు నెలలు కూర్చుంటే మాత్రం దారి బాగా ఇరుకవుతుంది.

ముందు నోటీసు లేకుండా అమీనా ఎలా వచ్చాడని కొందరికి సందేహం రావచ్చు. డిక్రీ వచ్చి రెండేళ్ళు దాటాక అమలుకు వెళితే ముందుగా నోటీసు ఇవ్వాలన్నది మామూలు నియమం. అంతకన్నా ముందే అయితే నేరుగా రావచ్చు. డబ్బు డిక్రీ అమలుకు 12 ఏళ్ళ గడువు ఉంటుంది. కాబట్టి పాత కేసు కదా, మరిచిపోయి ఉంటారులే అన్న ధీమా పనికిరాదు.

మరి ఆ వ్యాపారి ఏం చేయాలి? మొదట ఆ తేదీ రాసిపెట్టుకోవాలి. జూన్ 10, మధ్యాహ్నం, అమీనా వచ్చాడు, వారంటులో ఉన్న కేసు నంబరు ఇది. పక్క దుకాణందారు చూసి ఉంటే ఆ సంగతీ రాయాలి. చిన్న పనిలా కనిపిస్తుంది. రేపు అఫిడవిట్‌లో ప్రాణమంతా ఈ నాలుగు వాక్యాల్లోనే ఉంటుంది. తెలిసిన రోజు ఏదో తడుముకునే మనిషిని కోర్టు సులువుగా నమ్మదు.

రెండోది, ఫైలు చూడాలి. ఇది చాలామంది చేయరు. నేరుగా వకీలు దగ్గరికి పోయి నాకు సమన్లు రాలేదని చెబుతారు. వకీలు కూడా అదే మాట పిటిషన్‌లో రాస్తారు. తీరా ఎదుటి వకీలు ఫైలు తెరిచి ఒక రసీదు చూపిస్తారు. దాని మీద ప్రతివాది భార్య సంతకం ఉంటుంది. అక్కడితో మాట పోతుంది. అందుకే ముందు ఫైలు. కోర్టుకు దరఖాస్తు పెట్టి వకీలు ద్వారా కేసు కట్ట చూడవచ్చు. దావాలో ఏ చిరునామా రాశారు, కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఏం రాశాడు, రసీదు మీద ఎవరి సంతకం, ప్రాసెస్ సర్వర్ రిపోర్టులో సాక్షి ఉన్నాడా, ప్రకటన ఏ పత్రికలో ఏ రోజు వచ్చింది. ఇవన్నీ ఆ కట్టలోనే ఉంటాయి. వెనక్కి వచ్చిన కవరు కూడా అక్కడే ఉంటుంది. అందని ఆ కవరే ఇప్పుడు ప్రతివాదికి అన్నిటికన్నా పెద్ద ఆధారం.

ఇంటి దగ్గరే కూర్చుని చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో, ఫోన్ యాప్‌లో పేరుతో గానీ కేసు నంబరుతో గానీ వెతికితే, కేసు ఏ కోర్టులో ఉంది, ఎప్పుడు ఎక్స్‌పార్టీ అయింది, ఎప్పుడు డిక్రీ అయిందీ కనిపిస్తుంది. వాయిదాల జాబితా కూడా ఉంటుంది.

ఒక్కోసారి ఇలా వెతికితే మంచి వార్త దొరుకుతుంది. ప్రతివాదిని ఎక్స్‌పార్టీ అన్నారు గానీ డిక్రీ ఇంకా కాలేదు. అప్పుడు పని చాలా తేలిక. కోడ్‌లో 9వ ఆర్డరు, 7వ రూలు కింద తగిన కారణం చెప్పి మళ్ళీ కేసులో చేరవచ్చు. 1955లో సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వివియన్ బోస్ ఈ విషయం విడమరిచి చెప్పారు. ఎక్స్‌పార్టీ అంటే ఆ రోజు మనిషి లేడని మాత్రమే అర్థం. అతని నోరు శాశ్వతంగా కట్టేశారని కాదు. తర్వాతి వాయిదాకు వస్తే అక్కడి నుంచి పాల్గొనే హక్కు అతనికి ఉంటుంది.

డిక్రీ అయిపోయి ఉంటే 13వ రూలు దగ్గరికి రావాలి. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే, డిక్రీ రద్దు చేయమని దరఖాస్తు వేయాలి. రెండు కారణాల్లో ఒకటి నిరూపిస్తే చాలు. ఒకటి, సమన్లు సరిగ్గా అందలేదు. రెండు, అందాయి గానీ తగినంత కారణం వల్ల ఆ రోజు రాలేకపోయాడు. ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంట్లో చావు జరిగింది, వకీలు తేదీ తప్పు చెప్పాడు, ఇలాంటివి రెండో కోవకు వస్తాయి. గాజుల వ్యాపారిది మొదటి కోవ.

అతని వాదన ఇలా ఉంటుంది. దావా వేసేనాటికి తాను శాలిబండలో లేడు. బండ్లగూడ ఇంటి అద్దె ఒప్పందం ఉంది. కరెంటు బిల్లు ఉంది. ఆధార్‌లో చిరునామా మారిన తేదీ ఉంది. అన్నిటికీ మించి, టోకు వ్యాపారికి లాడ్ బజార్ దుకాణం తెలుసు. సరుకు దించింది అక్కడే. జప్తుకు అమీనాను తీసుకొచ్చిందీ అక్కడికే. మరి సమన్లను మాత్రం అక్కడికి ఎందుకు పంపలేదు? ఈ ఒక్క ప్రశ్నకు వాది దగ్గర జవాబు దొరకడం కష్టం. ఇలాంటి బలమైన ప్రశ్న ఫైలు చూసినవాడికే తడుతుంది.

ఇదే ఉదాహరణను కొంచెం మార్చి చూస్తే చట్టంలోని రెండో అంచు కనిపిస్తుంది. పాత ఇంటి పక్కవాళ్ళు వ్యాపారికి ఫోన్ చేసి, అన్నా, నీ పేరు మీద కోర్టు కాగితం తలుపుకు అంటించి పోయారు, ఫలానా తేదీకి రమ్మన్నారు అని చెప్పారనుకుందాం. అతను విని ఊరుకున్నాడు. అప్పుడు కాగితం నా చేతికి ఇవ్వలేదు అన్న వాదన నిలవదు. విచారణ తేదీ తెలిసి, రావడానికి చాలినంత వ్యవధి కూడా ఉన్నప్పుడు, సమన్లు ఇవ్వడంలో చిన్న లోపముందని డిక్రీని రద్దు చేయకూడదని 13వ రూలే చెబుతుంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ రెండు అంచుల మధ్యే నడిచాయి. 2002లో ఒక అద్దె ఖాళీ దావా అక్కడిదాకా వెళ్ళింది. ప్రతివాది సమన్లు తీసుకోనన్నాడని రిపోర్టు ఉంది. తీసుకోనంటే తలుపుకు అతికించాలి కదా, అతికించలేదు. కోర్టు ప్రతివాది పక్షాన నిలిచింది. కేసు ఉందని తెలియడం వేరు, ఏ తేదీన విచారణో తెలియడం వేరని కూడా తేల్చింది. 2008లో ఒక బ్యాంకు బాకీ కేసులో దీనికి ఎదురుగా జరిగింది. ప్రకటన వచ్చిన పత్రిక మేము చదవమని బాకీదారులు అన్నారు. వాళ్ళు అంతకుముందే సివిల్ కోర్టులో అదే కేసులో హాజరై జవాబు కూడా దాఖలు చేసినవాళ్ళు. సుప్రీంకోర్టు వాళ్ళ మాట వినలేదు. ఆ ప్రాంతంలో నడిచే పత్రికలో ప్రకటన వచ్చాక, చదివారా లేదా అన్నది అనవసరం అంది. 2011లో ఒక విడాకుల కేసులోనూ అంతే. రిజిస్టర్డ్ కవరు తిరస్కరించినట్టు వెనక్కి వచ్చింది, పత్రికా ప్రకటన కూడా జరిగింది. ఏళ్ళ తర్వాత డిక్రీని రద్దు చేసిన హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది.

అలాగని పత్రికా ప్రకటనతో అంతా అయిపోయినట్టు కాదు. 30 రోజుల గడువు చెప్పేది లిమిటేషన్ చట్టం, 1963. అందులో 123వ అధికరణం. దాని కింద ఒక వివరణ ఉంది. పత్రికా ప్రకటన లాంటి బదులు పద్ధతిలో ఇచ్చిన సమన్లను, ఈ గడువు లెక్కకు మాత్రం, సరిగ్గా అందిన సమన్లుగా చూడకూడదు. అంటే ప్రకటన మాత్రమే ఆధారంగా డిక్రీ వచ్చినచోట కూడా, లెక్క తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది. ప్రతివాదికి దీనివల్ల గొప్ప మేలుంది. కానీ ఆ వివరణ కాపాడేది గడువు వరకే. సమన్లు సరిగ్గా అందలేదనో, రాలేకపోవడానికి కారణం ఉందనో విడిగా నిరూపించుకోవాల్సిందే.

గడువు గురించి మరో రెండు మాటలు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టి, అది వచ్చాక పిటిషన్ వేద్దామని ఆగకూడదు. అప్పీలుకైతే కాపీ తయారవడానికి పట్టిన రోజులను గడువులోంచి మినహాయిస్తారు. ఈ దరఖాస్తుకు ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోవద్దు. 30వ రోజు కోర్టు సెలవైతే, కోర్టు తెరిచిన రోజున వేయవచ్చు. ఆ వెసులుబాటు ఉంది.

30 రోజులు దాటిపోతే? దారి పూర్తిగా మూసుకుపోదు. అదే లిమిటేషన్ చట్టంలో 5వ సెక్షన్ కింద, ఆలస్యాన్ని మన్నించమని ఇంకో దరఖాస్తు జతచేయాలి. 1987లో అనంత్‌నాగ్ భూసేకరణ కలెక్టరు కేసులో సుప్రీంకోర్టు ఉదారంగా చూడాలని చెప్పింది. కావాలని ఆలస్యం చేసినవాడికి వచ్చే లాభమేమీ ఉండదు, పైగా నష్టమే అన్నది అక్కడి తర్కం. తర్వాతి తీర్పుల్లో కూడా ఎన్ని రోజులన్నదానికన్నా, ఎందుకన్నదానికే ఎక్కువ విలువ వచ్చింది. అయితే కోర్టు ఉదారంగా ఉంటుందని తీరిగ్గా వెళ్ళేవాళ్ళను జడ్జీలు ఇట్టే గుర్తుపడతారు.

దరఖాస్తు వేశాక వ్యాపారి ఊపిరి పీల్చుకోవచ్చా? ఇంకా కాదు. డిక్రీ రద్దుకు దరఖాస్తు వేసినంత మాత్రాన జప్తు ఆగదు. అమలు నిలిపేయమని విడిగా స్టే పిటిషన్ వేయాలి. స్టే ఉత్తర్వు వచ్చాక దాన్ని అమలు జరుపుతున్న కోర్టుకు చూపించాలి. ఈ రెండో పిటిషన్ మరిచిపోయి, పై అంతస్తులో వాదనలు జరుగుతుండగా కింద దుకాణం సరుకు వేలానికి వెళ్ళిన సందర్భం ఊహించడం కష్టమేమీ కాదు. రద్దుకు ఒక పిటిషన్, స్టేకు మరొకటి. రెండూ ఒకే రోజు వేయడం మేలు.

అమీనా వచ్చిన రోజు ఇంట్లో ఆడవాళ్ళకు కలిగే భయం ఒకటుంది. అన్నీ ఎత్తుకుపోతారేమో అని. అన్నీ తీసుకుపోవడానికి లేదు. కోడ్‌లో 60వ సెక్షన్ కొన్నిటికి రక్ష కట్టింది. బాకీదారు, భార్య, పిల్లలు కట్టుకునే బట్టలు, వంట గిన్నెలు, మంచాలు, పడకలు జప్తుకు రావు. మతాచారం ప్రకారం స్త్రీ తన ఒంటి మీద నుంచి తీయకూడని నగలు రావు. చేతిపనివాళ్ళ పనిముట్లు రావు. లక్క కరిగించి గాజులు చేసే మనిషి కొలిమి, సుత్తి ఆ కోవలోవే. అమ్మకానికి పెట్టిన గాజులు మాత్రం జప్తుకు వస్తాయి. జీతగాడికైతే, భరణం డిక్రీ కాని మామూలు బాకీలకు, నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయడానికి వీల్లేదని 56వ సెక్షన్ చెబుతుంది. అరెస్టు చేయిస్తామని ఫోన్లలో బెదిరించే వసూలు ఏజెంట్లు ఈ సెక్షన్ సంగతి ఎత్తరు.

దరఖాస్తు మీద కోర్టు మొదట వాదికి నోటీసు ఇస్తుంది. అతని మాట వినకుండా డిక్రీ రద్దు చేయకూడదు. వినడమనేది రెండు వైపులా ఉంటుంది. తర్వాత రద్దు చేస్తే, కొన్ని షరతులు పెట్టవచ్చు. వాదికి ఖర్చులు ఇమ్మనవచ్చు. బాకీలో కొంత కోర్టులో జమ చేయమనవచ్చు. షరతుకు పెట్టిన గడువు దాటితే రద్దు ఉత్తర్వు పనిచేయకుండా పోతుంది, డిక్రీ మళ్ళీ నిలబడుతుంది. ప్రతివాదులు ఇద్దరు ముగ్గురు ఉంటే, సాధారణంగా దరఖాస్తు పెట్టినవారి వరకే డిక్రీ రద్దవుతుంది.

డిక్రీ రద్దయితే కేసు గెలిచినట్టు కాదు. కేసు మళ్ళీ మొదటికి వచ్చినట్టు. ఇప్పుడు వ్యాపారి తన జవాబు దాఖలు చేయాలి. పగిలిన గాజుల లెక్క, వాపసు పంపిన సరుకు చీటీలు, ఇచ్చిన డబ్బు రసీదులు చూపించాలి. చూపించలేకపోతే రెండోసారి డిక్రీ రావచ్చు. ఈసారి అది ఎక్స్‌పార్టీ కూడా కాదు. నిజంగా బాకీ ఉండి, లెక్కలో పెద్ద తేడా లేకపోతే, డిక్రీ రద్దుకు వకీలు ఫీజులు కట్టేబదులు వాదితో కూర్చుని వాయిదాల మీద తీర్చుకోవడం చవక. ఈ మాట వకీళ్ళు కూడా చెబుతారు, అందరూ కాకపోయినా. ఈలోగా జప్తులో సొమ్ము పోయి ఉంటే, డిక్రీ రద్దయ్యాక 144వ సెక్షన్ కింద తిరిగి ఇప్పించమని అడగవచ్చు.

కోర్టు దరఖాస్తును కొట్టేస్తే, ఆ ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్ళవచ్చు. అసలు ఈ దరఖాస్తు వేయకుండా డిక్రీ మీదే నేరుగా అప్పీలు వేసే దారి కూడా ఉంది. సాక్ష్యం లేకుండా డిక్రీ ఇచ్చారు, వడ్డీ ఎక్కువ వేశారు అన్న వాదనలకు అప్పీలే సరైన చోటు. అయితే అప్పీలు వేసి, అది కొట్టుడుపోయాక, తిరిగి వచ్చి 13వ రూలు దరఖాస్తు వేయడానికి కుదరదు. కాబట్టి ఏది ముందన్నది వకీలుతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. సమన్లు అందనిదే అసలు ఫిర్యాదు అయితే 13వ రూలే ముందు.

ఇప్పటిదాకా చెప్పినదంతా సివిల్ కోర్టు డిక్రీల గురించి. వినియోగదారుల కమిషన్లకు ఇది వర్తించదు. తానిచ్చిన ఎక్స్‌పార్టీ ఉత్తర్వును రద్దు చేసే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్ళాలి, చెల్లించమన్న సొమ్ములో సగం ముందే కట్టాలి. మేజిస్ట్రేట్ ఇచ్చే భరణం ఉత్తర్వులకు మూడు నెలల గడువు ఉంటుంది. చెక్కు బౌన్సు నోటీసు విషయంలో చట్టం మరీ గట్టిగా ఉంటుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే అనుకుంటుంది. అందలేదని చూపించే భారం చెక్కు ఇచ్చినవాడి మీదే పడుతుంది.

ఇక ముందుజాగ్రత్త. ఇల్లు మారినవాళ్ళు గ్యాస్ ఏజెన్సీకి మొదట చెబుతారు. సిలిండరు ఆగకూడదు కదా. అదే పద్ధతిలో అప్పు ఇచ్చిన బ్యాంకుకు, చిట్టీ కంపెనీకి, సరుకు ఇచ్చే వ్యాపారికి, పాత ఇంటి యజమానికి కూడా కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇచ్చిన కాగితం నకలు దాచుకోవాలి. పాత చిరునామా పరిధిలోని పోస్టాఫీసులో, ఉత్తరాలు కొత్త చిరునామాకు పంపమని అర్జీ ఇవ్వవచ్చు. ఊళ్ళో ఉన్నప్పుడు పోస్ట్‌మ్యాన్ చీటీ వదిలి వెళితే, మరునాడే పోస్టాఫీసుకు వెళ్ళి కవరు తెచ్చుకోవాలి. కవరు తీసుకుంటే బాకీ ఒప్పుకున్నట్టు కాదు. ఏ తేదీన ఎక్కడ హాజరు కావాలో తెలిసినట్టు మాత్రమే.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ కోసం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది. ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండానే ఇస్తారు. తెలంగాణ రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది పురానీ హవేలీలోనే, సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌లో. ఫోన్ మీద సలహా కావాలంటే 15100 నంబరుకు చేయవచ్చు. శ్రోతలు ఈ నంబరు రాసుకోవాలి. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. వెళ్ళేటప్పుడు చేతిలో అమీనా ఇచ్చిన కాగితం, చిరునామా మారిన ఆధారం, డిక్రీ సంగతి తెలిసిన తేదీ రాసుకున్న చీటీ ఉండాలి.